కండువా కింద మచ్చ

డాక్టర్ విశాలాక్షిగారు పరమపదించారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆపరేషన్ థియేటర్‌లో పనిముట్లు సర్దుతున్నాను. చేతిలోని ట్రే కిందపడింది. పాతికేళ్లు ఆమె పక్కన నిలబడిన నర్సుని. ఒక్క సూది జారినా ఊరుకోని మనిషి ఆవిడ. ఆ పొద్దున ట్రే మొత్తం పడితే నన్ను ఒక్కరూ ఏమీ అనలేదు. ఆమె లేరని అప్పుడు నమ్మాను.

ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఇంటి ఆడపడుచు ఆమె. గొంతు శస్త్రచికిత్సలో అసామాన్య ప్రతిభ ఉండీ నగరం వైపు చూడలేదు. ఇస్నాపూర్‌లో కార్మికుల కిరాయి గదుల మధ్య చిన్న దవాఖానా పెట్టి, జీవితమంతా అక్కడే ధారపోశారు.

నా తొమ్మిదో ఏట మెడ నడుమ రేగుపండంత గడ్డ లేచింది. “గిది కంఠమాల, అంటుకుంటది” అని మా నాయనమ్మ నా కంచం వేరు చేసింది. పక్క ఊళ్లో పసరు కట్టే పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోయింది. ఆదివారం పరగడుపున వరుసలో కూర్చోవాలి. ఆయన పసరు రాసి, కాల్చిన సలాకతో మూడు వాతలు పెట్టాడు. గడ్డ పగిలి చీము పట్టింది. మూడేళ్లు మెడకు గుడ్డ చుట్టుకుని బడికి పోయాను. ఆ మనిషి మీద నాకు పగ ఉంది. సంస్మరణలో పగ మాటేమిటని అడిగేవారు ఇక్కడే చదవడం ఆపవచ్చు.

చివరికి మా నాన్న నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చాడు. నాయనమ్మ కూడా తగువులాడుతూనే వెంట వచ్చింది. “ఏదీ, నాలుక బయట పెట్టమ్మా” అన్నారు మేడమ్. పెట్టాను. గడ్డ పైకి కదిలింది.

“చూశారా మామ్మగారూ? తల్లి కడుపులో మెడ గ్రంథి నాలుక మొదట్లో పుట్టి కిందికి దిగుతుంది. దిగిన దారి మూసుకోవాలి. ఈ పిల్లకు మూసుకోలేదు, అక్కడ నీరు చేరింది. అంతే.”

“అయితే అంటురోగం కాదా బిడ్డా?”

“కాదండీ. పుట్టుకతో వచ్చింది. తీసేస్తే పోతుంది.”

ఇంటికి రాగానే నాయనమ్మ నా కంచంలో చెయ్యి పెట్టి తిన్నది. నేను నర్సును కావాలని ఆ పూటే అనుకున్నాను.

ఆ మెడ గ్రంథి తన చోటికి దిగి ఉందని స్కానింగ్‌లో చూడనిదే మేడమ్ కత్తి ముట్టేవారు కాదు. గడ్డతోపాటు ఆ దారినీ, దాన్ని పట్టుకుని ఉన్న చిన్న ఎముక నడిమి ముక్కనూ తీసేవారు. నాకూ అలాగే తీశారు. “గడ్డ ఒక్కటే తీసి పంపితే మళ్లీ వస్తుంది. అప్పుడు నా మొహం ఎలా చూపించను?” అనేవారు.

పెద్దమనిషి ఊరుకుంటాడా? “డాక్టరమ్మ గొంతు కోస్తే మాట పోతది” అని ఊరూరా చెప్పించాడు. ఆపరేషన్ బల్ల దాకా వచ్చిన పిల్లల్ని తల్లులు ఎత్తుకుపోయిన రోజులున్నాయి.

నేను అక్కడ నర్సునయ్యాక, ఒకనాటి పొద్దున అదే మనిషి కండువా చుట్టుకుని వెనక తలుపు తట్టాడు. కండువా కింద, మెడ నడుమ, నాకు లేచినటువంటి గడ్డే! అన్నేళ్లు లోపల దాగి ముసలితనంలో బయటపడింది. “డాక్టరమ్మా, జెర ఎవరికీ చెప్పకు” అన్నాడు.

“నీ పసరు ఏమాయె? నీ సలాక ఏమాయె?” అని నేను అరిచాను. మేడమ్ నన్ను బయటికి నెట్టారు. “బల్ల ఎక్కాక అందరూ రోగులే. బయట ఒక్క మాట పొక్కిందా, నా థియేటర్‌లో నీకు చోటు లేదు” అని ఒట్టు వేయించుకున్నారు. నా మెడ కాల్చిన మనిషి ఆ రోజు నా ముందే బల్ల ఎక్కాడు. వంకర కుట్టు పడాలని కోరుకున్నాను. మేడమ్ మాత్రం చర్మం మడతలో, పెళ్లికూతురికి కుట్టినంత సన్నగా కుట్టారు.

మొన్న సంతాప సభకు ఆయన వచ్చాడు. మండుటెండలో మెడకు కండువా. పటానికి దండ వేసి మైకు పట్టుకున్నాడు. “డాక్టరమ్మ దేవత. గాని, పిల్లల గొంతుల మీద కత్తి వెట్టుడు నాకు నచ్చకపోయేది. మన పసరు ఉండంగ కత్తి ఎందుకు?” అన్నాడు. ముందు వరుసలో ఒక తల్లి తన కూతురి మెడ తడుముతూ తల ఊపింది. ఇంటికి రాగానే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. మేడమ్‌కు ఇచ్చిన మాటలో ఆ కాస్తయినా మిగుల్చుకుంటాను. అమ్మలారా, పిల్ల మెడలో గడ్డ కనిపిస్తే డాక్టరుకు చూపించండి. ఇంట్లో పెద్దలు వినక ఆదివారం వరుసలో కూర్చోబెడితే, సలాక ఎర్రబడేలోపు ఆ పెద్దమనిషిని ఒక్కటే అడగండి: “తాతా, జెర గా కండువా తీస్తవా?”

మేడమ్, ఒట్టు తప్పాను. మీ పాదాలకు నమస్కరించి మరీ తప్పాను. మీరుంటే అందరి ముందూ తిట్టి, థియేటర్ గడప తొక్కనిచ్చేవారు కారు. రేపు పొద్దున నేను మామూలుగానే లోపలికి వెళతాను. ఎవరూ ఆపరు.