మైకు ఆగిన తర్వాత

పద్దెనిమిదేళ్లలో ముగ్గురు ముఖ్యమంత్రులు మారారు గానీ, ఈ పెద్దాయన మాత్రం ప్రతిపక్షం బెంచీ వదల్లేదు. శాసనసభలో ఆయన లేచి ప్రశ్న మొదలుపెట్టగానే మైకు ఆగిపోవడం మామూలే. అందుకే రోజూ పొద్దున్నే ముందుగదిలో నిలబడి, వంటింట్లో ఉన్న భార్యకు వినపడేలా ఆ రోజు ప్రశ్న చదువుతాడు. అరవకూడదు, గొంతు జీరపోకూడదు, ఒక్క మాటా మింగకూడదు. "వినపడిందండీ, ఇక వచ్చి తినండి" అని ఆవిడ అంటే గానీ కాగితం మడిచి జేబులో పెట్టడు. నాలుగేళ్లుగా ఆయనది ఒకటే ప్రశ్న: మా ఊరి ఆసుపత్రికి కాన్పుల డాక్టరు ఏరీ?

మొన్నా అదే అడిగాడు. మైకు ఎలాగూ ఆగుతుందని ఆయన పార్టీవాళ్లు అప్పుడే వాకౌట్‌కు లేచారు. జవాను తలుపు కూడా తీసి పట్టుకున్నాడు. తీరా చూస్తే మైకు ఆగలేదు. మంత్రి లేచి, "సభ్యులు అడిగింది న్యాయమే అధ్యక్షా, డాక్టరును వేస్తాం" అన్నాడు. అధికారపక్షం బల్లలు చరిచింది. లేచినవాళ్లు వెళ్లాలో కూర్చోవాలో తెలీక నడిదారిలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మాత్రం కళ్లజోడు సర్దుకుని, "సంతోషం అధ్యక్షా. ఏ తారీఖున?" అన్నాడో లేదో, మైకు టక్కున ఆగిపోయింది. ఆయన కంగారుపడలేదు. వంటింటి దూరం కొలుచుకుంటున్నట్టు చివరి బెంచీ వైపు ఒకసారి చూసి, మళ్లీ అడిగాడు. జవాను మెల్లిగా తలుపు మూసేశాడు. మంత్రి తారీఖు కోసం కాగితాలు తిరగేయసాగాడు.