ముందు ఏ మంచం దగ్గరికి?

లుదివీనా ఫాల్దాస్ దగ్గర చదువుకుని అమెరికా నర్సింగు లైసెన్సు పరీక్ష ప్యాసైనవాళ్లు ఎనిమిది వందల మందికి తక్కువ ఉండరు. ఆమె మాత్రం మా ఇలోయిలో నగరం దాటి ఎక్కడికీ పోలేదు. పద్నాలుగేళ్లు పనిచేసిన ఆసుపత్రి ఆమెకు మంచి నడవడి పత్రం ఇవ్వలేదు. అది లేనిదే ఏ ఏజెన్సీ ఆమె కాగితాలు ముట్టుకోదు.

హారో పేటలో మందుల షాపు మీది మేడే మా క్లాసు. మేమందరం ఆమెను నాంగ్ లుదీ అని పిలిచేవాళ్లం. మా వైపు వయసులో పెద్దదైన ఆడమనిషిని, సొంత అక్క కాకపోయినా, నాంగ్ అనే అంటాం. పొట్టి మనిషి. సుద్దముక్క పట్టుకుంటే గొంతు కింద షాపువాడికి కూడా వినిపించేది. పుస్తకం చూసి చెప్పడం ఆమెకు రాదు. మంచాలు చెప్పేది.

"నలుగురు రోగులున్నారు. ఒకడు కాలు విరిగి అరుస్తున్నాడు. ఒకడికి జ్వరం. ఒకావిడ ఇంటికి పంపమని గోల. ఒకావిడ గొంతు ఆపరేషనై వచ్చి ఊరికే అటూ ఇటూ దొర్లుతోంది. ముందు ఏ మంచం దగ్గరికి పోతావే ఇందాయ్?"

"అరిచేవాడి దగ్గరికి" అన్నాను, చేరిన కొత్తలో. చిన్న ఆడపిల్లల్ని మా వైపు ఇందాయ్ అంటారు.

"అరిచేవాడికి ఊపిరుంది. అరవనీ."

ఆ ఏడు, రెండువేల ఐదులో, డాక్టర్లు నర్సులవుతున్నారు. ఇక్కడ కత్తి పట్టి సంపాదించేదానికన్నా అమెరికాలో నర్సు టోపీతో ఎక్కువ వస్తుందని పెద్ద పెద్దవాళ్లే మళ్లీ కాలేజీకి పోయి నర్సింగు చదివారు. అలా జూన్‌లో మా క్లాసుకి డాక్టర్ నుఫాబ్లే వచ్చాడు. యాభై దాటిన సర్జను. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. మొదటి బెంచీలో కూర్చున్నాడు.

"డాక్టరు గారూ, రేపట్నుంచి బెడ్‌పాన్ మీరే తీయాలి, తెలుసుగా?" అని వెనక నుంచి ఒకడు అన్నాడు.

"మా ఆవిడ ఇంట్లో ప్రాక్టీసు చేయిస్తోందిలే" అన్నాడాయన. అందరం నవ్వాం. నాంగ్ లుదీ నవ్వలేదు. ఆ రోజు హాజరు పిలిచేటప్పుడు ఆయన పేరు దగ్గర ఒక్క క్షణం ఆగింది. అంతే.

మూడో వారంలో ఆమె ఒక ప్రశ్న వేసింది. గొంతులో థైరాయిడ్ గ్రంథి తీసేసి నాలుగు గంటలైంది. రోగి స్థిమితంగా లేదు. మెడకట్టు బిగుతుగా ఉందంటోంది. మత్తు సూది ఇవ్వమని డాక్టరు ఫోన్లో చెప్పాడు. నర్సు మొదట ఏం చేయాలి?

డాక్టర్ నుఫాబ్లే చెయ్యి ఎత్తాడు. "ఆర్డరు ఉంది కదా. సూది ఇవ్వాలి. ఆపరేషనైన వాళ్లందరికీ ఉండే కంగారే అది."

"తప్పు" అంది నాంగ్ లుదీ. గొంతు పెంచలేదు. అందుకే అందరం తలెత్తి చూశాం.

"ఆ కంగారుని భయం అనుకోకండి. ఊపిరి అందనివాళ్లు మొదట చేసేది అదే. ముందు ఊపిరి చూడాలి, ఆ తర్వాత గొంతులో గురక వస్తోందా వినాలి. కట్టు ముందువైపు పొడిగానే ఉంటుంది, నమ్మొద్దు. మెడ వెనక చెయ్యి పెట్టు. రక్తం జారి అక్కడికే పోతుంది. సూది ఆపు. డాక్టర్ని పిలువు. రాలేదా, ఆయన పైవాణ్ని పిలువు."

"పైవాడూ రాకపోతే?" అన్నారెవరో వెనక నుంచి.

"వాడి పైవాణ్ని. మేయరు దాకా పో. రోగి పోయాక నీ మర్యాద ఎవడికి కావాలి?"

డాక్టర్ నుఫాబ్లే రాయడం ఆపేశాడు. ఆ తర్వాత గంటసేపు ఒక్క ముక్క రాయలేదు.

క్లాసు అయ్యాక నేను జవాబు పత్రాలు సర్దుతున్నాను. ఆయన వెళ్లకుండా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మీరు మూడో అంతస్తు వార్డులో..."

"తొమ్మిదేళ్లయింది. ఆమె పేరు గుర్తుందా డాక్టరు గారూ?"

ఆయన కిందికి చూశాడు.

"సాల్వసియోన్ నాబోర్. ముగ్గురు పిల్లలు. చేపలు ఎండబెట్టి అమ్మేది. మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. విచారణలో మీరు ఒక్కసారే చేశానని చెప్పారు."

"అప్పుడు నా పరిస్థితి మీకు తెలీదు."

"నేను టైముతో సహా రాసిన పేజీ చార్టులో లేదు."

"దాని సంగతి నాకు తెలీదు. ఒట్టు." తర్వాత మెల్లగా అన్నాడు. "సూది మాత్రం మీరే ఇచ్చారు కదా."

నా చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆసుపత్రి ఆమెను అన్యాయంగా తీసేసిందనే మాకు తెలుసు.

"ఇచ్చాను" అంది నాంగ్ లుదీ. "వద్దని లోపల అనిపిస్తూనే ఉంది. మీరు కసిరారు, ఇచ్చాను. పావుగంటలో నీలంగా అయిపోయింది. అందుకే రోజూ ఇక్కడ నిలబడి గొంతు చించుకుంటున్నాను. మీరు ఎందుకొచ్చారు?"

ఆమె ఆయన్ని ఒక్కటే కోరింది. మూడుసార్లు ఫోన్ చేసినట్టు ఆసుపత్రికి ఒక ఉత్తరం రాయమంది.

"పరీక్ష కానివ్వండి. ఇప్పుడు రాస్తే నా కాగితాలన్నీ ఆగిపోతాయి. అక్కడికి చేరగానే రాస్తాను."

ఆమె సరే అంది. తర్వాత నాలుగు నెలలు ఆయనకు అందరికన్నా ఎక్కువ చెప్పింది. ఆయన ప్రతిసారీ మందు వైపే పరిగెత్తేవాడు. ఆమె చెవి పట్టుకున్నట్టు వెనక్కి లాగేది. "మందు తర్వాత. ముందు మనిషిని చూడండి." నాకు ఒళ్లు మండిపోయేది.

"వాణ్ణెందుకు చదివిస్తున్నావు నాంగ్?" అని అడిగాను ఒకరోజు.

"రేపు వాడు ఎవరి మంచం పక్కనో నిలబడతాడు. ఆ మంచంలో ఉన్నవాళ్లు నీకేం చేశారే?"

అప్పట్లో ఆ పరీక్షకు హాంకాంగ్ పోవాలి. ఆయన పోయాడు, మొదటిసారే ప్యాసయ్యాడు. నెవాడాలో ఉద్యోగం. క్రిస్మస్‌కి చాక్లెట్ల డబ్బా పంపాడు. ఉత్తరం లేదు. మరుసటేడు మళ్లీ చాక్లెట్లు. నేను అప్పటికి జిల్లా ఆసుపత్రిలో చేరాను. శనివారాలు మాత్రం వచ్చి ఆమెకు క్లాసులో సాయం చేసేదాన్ని.

ఉత్తరం మూడో ఏడు వచ్చింది. ఆసుపత్రి పేరు మీద కాదు, "ఎవరికి అవసరమైతే వారికి" అని ఉంది. లుదివీనా ఫాల్దాస్ తన చేతికింద పనిచేసిందని, కష్టజీవి అని, నమ్మకస్తురాలని, ఏ ఆసుపత్రికైనా ఆమె అలంకారమని ఉంది. కింద సంతకం, డాక్టరు డిగ్రీలు, నర్సు లైసెన్సు నంబరు. ఫోన్ల మాట లేదు.

నేను పరుగున ఏజెన్సీకి పోయి అడిగాను. సర్జను సంతకం ఉంటే ఆసుపత్రి పత్రం లేకపోయినా చాలన్నారు. దుబాయ్‌లో వృద్ధుల వార్డు, రెండేళ్ల ఒప్పందం. వయసు హద్దు యాభై ఐదు. ఆమెకు ఇంకా నాలుగు నెలల గడువుంది.

"దరఖాస్తు మీద సంతకం పెట్టు నాంగ్, నేనే ఇచ్చొస్తాను" అన్నాను.

ఆమె ఉత్తరం రెండుసార్లు చదివింది. "ఇందులో సాల్వసియోన్ లేదు."

"లేకపోతే లేదు. నీ బతుకు నువ్వు చూసుకో."

"ఇది పట్టుకుని పోతే ఆయన చెప్పింది నేనూ ఒప్పుకున్నట్టే. ఆ రోజు ఏమీ జరగలేదన్నట్టే."

"తొమ్మిదీ మూడూ పన్నెండేళ్లు. చచ్చినావిడ తిరిగొస్తుందా? ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుసుగా" అంది.

నాకు కోపం వచ్చింది. గర్వం అన్నాను. తప్పు చేసిన చెయ్యి నీది కాబట్టి నిన్ను నువ్వే శిక్షించుకుంటున్నావు, దానికి నీతి అని పేరు పెట్టుకున్నావు అన్నాను. అనకూడని మాటే. ఆమె బోర్డు తుడవడం మొదలుపెట్టింది.

ఆమె ఉత్తరాన్ని నెవాడా చిరునామాకే తిప్పి పంపింది. అడుగున పెన్సిల్‌తో మూడు టైములు రాసింది: రెండూ పది, రెండూ ముప్పై ఐదు, మూడూ ఐదు. దానికి జవాబు రాలేదు. చాక్లెట్లూ ఆగిపోయాయి.

నాలుగు నెలలు గడిచాక ఏజెన్సీవాళ్లు వయసు దాటిందని ఆమె ఫైలు మూసేశారు. ఆ శనివారం ఆమె ఎప్పటిలాగే క్లాసు చెప్పిందట, ముప్పైమంది వచ్చారట. నేను వెళ్లలేదు.