దవడ పట్టుకున్న రోజు

మా చిన్నప్పుడు... ఒకరోజు పొద్దున్నే సంగటి ముద్ద తినబోతే నా నోరు తెరుచుకోలేదు.

వేలు దూరేంత సందు, అంతే. ఇంకాస్త తెరవబోతే రెండు చెవుల ముందరా ప్రాణం పోయేంత నొప్పి. అమ్మకు సైగ చేసి చూపించాను. అమ్మ చేతిలోని గిన్నె జారి కింద పడింది.

మా ఊరు త్రిపురాంతకానికి దగ్గర. అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. దవడలు పట్టుకోవడమంటే ఏమిటో మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు... ఆ ముందు నెలలోనే పక్కింటి సుబ్బక్క ధనుర్వాతంతో పోయింది. చిన్న కొడవలి గాటు. మానిపోయిందనుకున్నారు. మొదట దవడలే పట్టుకున్నాయి. తర్వాత ఆమె ఒళ్ళు వెనక్కి వంగిపోవడం కిటికీలోంచి చూశాను. పోవద్దన్నా పోయి చూశాను. ఇక ఆనాటి నుంచి నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని అవ్వ అంటూనే ఉంది. వినేదెవరు?

"కాల్లో ముల్లు గానీ ఇరిగిందా?" అన్నాడు నాయన.

తల ఊపాను. మా వైపు చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల్లో కాల్లో ముల్లు విరగనిది ఎవరికి? కానీ నేను తల ఊపగానే అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

మార్కాపురం ఆస్పత్రికి పోదామంటే బండి లేదు. వేరుశనగ మూటలతో దొనకొండ స్టేషనుకు పోయింది, మర్నాటికి గానీ రాదు. ఇక మిగిలింది వాత... దవడ పట్టుకుంటే చెంప మీద కాల్చిన ఇనుముతో వాత పెట్టాలని మావాళ్ళ నమ్మకం. నాయన పరుగున పోయి గొర్రెల మామను పిలుచుకొచ్చాడు. గొర్రెలకు జబ్బు చేసినా, మనుషులకు చేసినా ఊళ్ళో వాత పెట్టేది ఆయనే. వచ్చి పొయ్యి ముందు కూర్చుని, కొడవలి కొసను నిప్పుల్లోకి తోశాడు.

ఆ భయం మీకెలా చెప్పను... "నాకొద్దు" అని అరవడానికి కూడా నోరు లేదు. గొంతులోంచి మూలుగు మాత్రం వచ్చింది. అదీ జబ్బే అనుకున్నారు.

అప్పుడు అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, నన్ను లాక్కుని ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

"అది కాలేదాకా బిడ్డను నా కాడ ఉండనీ" అంది.

"అమా, ఆలీసమైతే చెయ్యి దాటిపోతాది. సుబ్బక్కను చూసినావు గదా" అన్నాడు నాయన.

"చూసినా. నువ్వు పక్కకు జరుగు."

అమ్మ చేత గరిటెలో ఆముదం వెచ్చబెట్టించింది. వేయించిన ఉప్పు మూటతో రెండు చెవుల ముందరా కాపడం పెట్టింది. తర్వాత ఆముదం చేతులతో దవడ కీలు వెతికి పట్టుకుని, బొటనవేళ్ళతో మెల్లగా గుండ్రంగా రుద్దింది. అక్కడి నుంచి చెంపల మీదుగా గడ్డం దాకా దిగలాగింది. మళ్ళీ కణతలు, మెడ నరాలు... మొదట్లో కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"నాలిక అంగిట్లో ఆనిచ్చుకో. పండ్లు కలపబాక. ఏడ్వబాక నా తల్లే."

కాస్త వదులైంది. ఇంతలో పొయ్యి దగ్గర కొడవలి కదిలిన చప్పుడు... మళ్ళీ బిగుసుకుంది. అవ్వ మళ్ళీ రుద్దింది, మళ్ళీ వదులైంది. "కాలింది అత్తా" అన్నాడు గొర్రెల మామ. దవడ మొత్తం రాయిలా అయిపోయింది.

అవ్వ వేళ్ళు ఆగాయి.

"ఒరే, దీనికి పట్టుకున్నాది వాతం గాదు, బయం. ఆ కొడవలి అవతల పారేసి మీరిద్దురూ బయటికి పోండి."

"బయమని నీకెట్ల తెల్సు? రేపు బిడ్డకేమన్నా అయితే?" అన్నాడు నాయన.

అవ్వ మళ్ళీ ఆముదం అద్దుకుని నా దవడ కీలు పట్టుకుంది. నిజంగా ధనుర్వాతమే అయితే ఆముదం ఏం చేస్తుంది? ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నాకేం తెల్సురా. నా చేతి కింద వదులైతాంది. అదొకటే తెల్సు."

గొర్రెల మామే ముందు లేచాడు. "ఆడపిల్ల మొగం బావా, నాకు మాత్రం సరదానా? పొద్దు గూకేదాకా చూద్దాం" అంటూ కొడవలిని నీళ్ళ బానలో ముంచాడు. సుయ్‌మని పొగ లేచింది.

అవ్వ ఎంతసేపు రుద్దిందో తెలియదు. ఆ ఒళ్ళోనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి పెద్ద ఆవలింత... కీలు కటుక్కుమంది, నోరు తెరుచుకుంది.

"నాయన ఏడ?" అన్నాను.

నాయన బయట పశువుల కొట్టం దగ్గర నిలబడి ఉన్నాడు. అవ్వ నన్ను చంకనేసుకుని పోయి, ఆ జిడ్డు చేతితోనే ఆయన చెంప తడిమింది. "నీవి గూడా బిగుసుకుపోయినాయి గదరా... కూర్చో" అంది. అంత మనిషీ నేల మీద కూర్చున్నాడు. అవ్వ రుద్దుతూ ఉంటే వెక్కివెక్కి ఏడ్చాడు. నాయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

ఇప్పుడు మా మనవరాలికి దవడ నొప్పి. కంప్యూటర్ ముందు పళ్ళు బిగబట్టి కూర్చుంటుందట. నేను చెబుతుంటే ఇదంతా టైపు చేస్తున్నదీ అదే, మధ్యమధ్యలో దవడ పట్టుకుని. ఫిజియోథెరపీ ఆవిడ అచ్చం అవ్వలాగే చెవి ముందర గుండ్రంగా రుద్ది, "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపిస్తుంది. ధనుర్వాతానికి సూది మందు వచ్చింది. వాతల కాలం పోయింది, పీడ వదిలింది. కానీ నీకు దేనికే ఇంత భయం అని ఒళ్ళోకి తీసుకుని అడిగే తీరిక మాత్రం ఎవరికీ లేకుండా పోయింది...

మా వైపు నా ఈడువాళ్ళలో ఒంటి మీద వాత మచ్చలున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ ఇళ్ళలో కూడా ఉంటే, ఒకసారి పక్కన కూర్చుని అడగండి... కాల్చేటప్పుడు వాళ్ళను కదలకుండా పట్టుకున్నది ఎవరని. ఏం చెప్పారో నాకూ రాయండి.

ఆ రోజు వాత పెట్టి ఉంటే, నన్ను మా నాయనే పట్టుకునేవాడు.