బాపు విన్న ప్రార్థన

వరంగల్ దగ్గరి సెమినరీలో ఫాదర్ కావడానికి చదువుతున్న రోజులవి. మా దగ్గర ఫోన్లుండవు. ఇంటినుంచి ఏ కబురైనా వార్డెన్ ఫాదర్ సెల్‌కే రావాలి.

ఆ ఉదయం లాటిన్ క్లాసులో నన్ను లేపి 'లౌదాన్స్' అనే మాటకు విభక్తి రూపాలు చెప్పమన్నారు. 'స్తుతిస్తున్న' అని అర్థం. ఒక పని జరుగుతుండగా మరొకటి జరిగిందని చెప్పడానికి వాడతారు. లేచి మొదలుపెట్టినవాడు చివరిదాకా చెప్పాల్సిందే. మధ్యలో ఎవరూ అడ్డురారు, అది మా క్లాసు మర్యాద.

"లౌదాన్స్, లౌదాంతిస్, లౌదాంతి" అంటుండగా వార్డెన్ ఫాదర్ సెల్ పట్టుకుని తలుపు దగ్గర ఆగారు. తమ్ముణ్ని పిలవమని మాత్రమే మా అన్న ఫోన్‌లో చెప్పాడట, లైన్ అలాగే ఉంది. నా చదువు చూడటానికొచ్చారనుకుని గొంతు పెంచాను. బహువచనం కూడా తప్పు లేకుండా ముగించాను. అప్పుడు సెల్ నా చేతికిచ్చారు.

"బాపు పోయిండురా, ఇప్పుడే," అన్నాడు అన్న దవాఖాన నుంచి. "నీతోని మాట్లాడుతనంటే ఫోన్ చెవికాడ పెట్టిన. చిన్నోడు నా కోసం ప్రార్థన చేస్తాండు అన్నడు. ఇనుకుంటనే కండ్లు మూసిండు."

నేను వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

మర్నాడు సమాధి దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బాపు ఇన్న ప్రార్థన ఒక్కసారి చదువు బిడ్డా," అంది.

అందరూ తలలు వంచారు. లౌదాన్స్ నుంచి మొదలుపెట్టి బహువచనం దాకా చెప్పాను. మధ్యలో ఎవరూ అడ్డురాలేదు.