శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా

నాకు కుదురు తక్కువ. ఉప్పల్‌లో నేను పనిచేసే టైపింగ్, జిరాక్స్ షాపులో కూడా పది నిమిషాలు కుర్చీలో ఉండలేను. ప్రింటర్ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతూనే ఉంటాను. మా ఓనరు నన్ను చూసి చెప్పుల్లో జెర్రిపడ్డదా అంటుంటాడు. అలాంటిదాన్ని ఒక్క గంటన్నర మాత్రం అడుగు కదపకుండా ఒకచోట ఉండిపోయాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా తమ్ముడు నాచారంలో వైర్లు చేసే ఫ్యాక్టరీలో ఉండేవాడు. అక్కడ రాగి చుట్టలు మాయమయ్యాయని ముగ్గుర్ని పట్టుకుపోయారు. అందులో వీడొకడు. తీశావా లేదా అని నేను వాణ్ణి ఈరోజు దాకా అడగలేదు. అమ్మ మాత్రం మొదటిరోజే తేల్చేసింది. పోలీసులు వచ్చింది రాహుకాలంలోనట, అందుకే ఈ పీడ అట. పోలీసులు పంచాంగం చూసుకుని వస్తారా అని నేను అరిచాను.

మా వకీలు రోజూ షాపుకు వచ్చే మనిషే. ఆయన కాగితాలన్నీ నేనే కొట్టి ఇస్తాను. బెయిలు రెండుసార్లు కొట్టేశాక ఆయన ఒక దారి చెప్పాడు. ఇలాంటి కేసులో పోలీసులు అరవై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే, లోపలున్నవాడు బెయిలు అడగొచ్చు. ష్యూరిటీ ఇస్తానంటే కోర్టు కాదనడానికి లేదు. దొంగతనం చేశాడా లేదా అన్న మాటే రాదు. అయితే రిమాండుకు పంపిన రోజును ఆ అరవైలో కలపాలా, వదిలేయాలా? దీని మీద కోర్టులు ఏళ్ళ తరబడి తలో మాటా చెప్పాయట. చివరికి కలపాల్సిందేనని పై కోర్టు తేల్చింది. మా స్టేషన్ వాళ్ళు ఇంకా పాత లెక్కలోనే ఉన్నారని వకీలు అనుమానం. వాళ్ళ అరవయ్యో రోజు మాకు అరవై ఒకటో రోజు. అది శుక్రవారం.

"ఒక్క పూట దొర్కుతది మనకు," అన్నాడు వకీలు. "పదిన్నరకు కోర్టు కూసుంటది. కూసోంగనే మన కాయితం పడాలె. మన ఎన్క చార్జిషీటు వచ్చినా ఫికర్ లేదు. మనకన్న ముందు వచ్చిందా, ఖతం."

ఈ ముందూ వెనకల సంగతి కూడా పై కోర్టు తీర్పే. ఆ పేరా పిటిషన్‌లో నా వేళ్ళతోనే కొట్టాను. అడగకముందే చార్జిషీటు పడితే ఆ హక్కు పోతుందని అందులో ఉంది. తప్పులున్నాయేమోనని రెండుసార్లు చదివాను కూడా. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

శుక్రవారం వకీలుకు ఇంకో కోర్టులో పని పడింది. సంతకాలైన కాగితాలు నేను తీసుకెళ్ళి ఆయన జూనియర్‌కు ఇవ్వాలి. పదింపావుకే కోర్టు గేటు దగ్గరున్నాను. జూనియర్ ఇంకా రాలేదు. అంతలో అమ్మ ఫోను చేసింది. మా అమ్మ ఊరికే ఏడ్చే మనిషి కాదు. ఆ రోజు ఏడుస్తూనే చెప్పింది.

"పదిన్నరకెళ్ళి పన్నెండు దాక రాహుకాలం బిడ్డా. వాని పని ఏది జేసినా గసొంటి యాళ్లనే జేస్తున్నం. గీ ఒక్కసారి నా మాటిను. పన్నెండు దాటినంక ఇయ్యి."

నేను రాహుకాలాన్ని నమ్ముతానా? నమ్మను. కానీ అమ్మ మాట కాదని ఇచ్చి, బెయిలు రాకపోతే, ఆ నింద చచ్చేదాకా నా నెత్తినే ఉంటుంది. అందుకు భయపడ్డాను. ఇన్నాళ్ళు ఆగిన పోలీసులు ఇంకో గంటన్నర ఆగరా, సర్కారు పని మధ్యాహ్నం అన్నం తినకముందు ఎప్పుడైంది గనక, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గేటు ఎదురుగా చాయ్ బండి చాటున ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డాను. మూడు చాయ్‌లు తాగాను. జూనియర్ నాలుగుసార్లు ఫోను చేసింది. ఉప్పల్ రింగు దగ్గర ఇరుక్కున్నానని చెప్పాను. ఉప్పల్ రింగు పేరు చెబితే ఈ ఊళ్ళో ఎవరూ అనుమానించరు. నాలుగోసారి ఆ పిల్ల గొంతులో ఏడుపు వినిపించింది. అయినా నేను ఫోనులో టైము చూసుకుంటూ అక్కడే ఉన్నాను. సిగ్గులేని దాన్ని!

పన్నెండు దాటగానే పరుగెత్తాను. కోర్టు మెట్ల మీద స్టేషన్ కానిస్టేబుల్ ఎదురయ్యాడు. మా షాపులో జిరాక్సులు తీయించుకునే మనిషే, రాగి కేసులో లోపలున్నవాడు నా తమ్ముడని ఆయనకు తెలియదు. ఇవాళ పని తొందరగా అయిపోయిందని, ఒక చార్జిషీటు ఉంటే ఇచ్చి వస్తున్నానని నవ్వుతూ చెప్పాడు. ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి.

కింది కోర్టు కాదంది. హైకోర్టుకు వెళ్ళాం. ఎవరు ముందు వచ్చారని జడ్జి ఒక్కటే అడిగారట. పోలీసులది పదకొండు నలభై, మాది పన్నెండూ పది. పిటిషన్ కొట్టేశారు. తీర్పులో ఆ రెండు టైములే ఉన్నాయి, నా చాయ్‌ల సంగతి లేదు. నెల తిరగకముందే కంపెనీల తరఫు వకీలొకాయన ఆ తీర్పు కాపీ మా షాపుకే తెచ్చాడు. ఇంకెవరికో బెయిలు ఇవ్వొద్దనే కాగితంలో ఆ పేరా చేర్చాలన్నాడు. కొట్టి ఇచ్చాను. అది నా పని కదా.

ఆ వారమే జైలుకు, వాడితో ములాఖత్‌కు వెళ్ళాను. అద్దానికి అటువైపు వాడు, ఇటువైపు నేను, చెవుల దగ్గర ఫోన్లు. ట్రాఫిక్ అబద్ధమని చెప్పేశాను. రాహుకాలం సంగతి, గేటు ముందు నిలబడ్డ సంగతి, అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను గూడ దినాలు లెక్కవెట్టుకుంటనే ఉన్న అక్కా," అన్నాడు. "గా శుక్రారం పొద్దుగాల్నే బట్టలు మడతవెట్టి సంచిల వెట్టుకున్న. పోతున్న గదా అని నా దుప్పటి పక్కోనికి ఇచ్చేసిన. మల్ల వాపస్ అడగనీకి శరమైంది. గప్పటిసంది ఉత్త నేల మీదనే పంటున్న."