పంక్తిలో చివరి ఆకు

నా చిన్నప్పుడు కొవ్వూరులో మా ఇంట్లో ఇరవై ముగ్గురం ఉండేవాళ్ళం. ఒక ఏడు రాజమండ్రిలో ఒక హాస్య సినిమా వచ్చింది. అందులోనూ మాలాగే ఇంటినిండా జనం. తగవులు, అలకలు, ఆఖరికి అందరూ కలిసిపోయి ఒకటే నవ్వు. అది ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంటుంది. దాని ముక్కలు ఫోన్లలో పంపుకుంటూ మావాళ్ళు ‘ఉమ్మడి కుటుంబమంటే అదీ’ అని రాసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. నా బడి చదువు ఐదో తరగతితోనే ఆగినా, ఆ గొప్ప గురించి వచ్చిన పుస్తకాలు వెతికి మరీ చదివాను. అంతమందికి అన్నం వండిన మనిషి ఒక్కదాంట్లోనూ కనబడలేదు.

మా ఇంట్లో ఆ మనిషి మా మేనత్త. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అమ్మా పిన్నులూ వంతులవారీగా పొయ్యి దగ్గరికి వచ్చేవారు. అత్తకు వంతు లేదు. అన్ని పూటలూ ఆమెవే. అందరూ తిన్నాక గిన్నెల్లో ఏది మిగిలితే అదే ఆమె భోజనం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఇంటిల్లిపాదీ రైలెక్కి గోదావరి దాటాం. అత్తను ఎవరూ వద్దనలేదు. రమ్మనీ అనలేదు. “వచ్చేసరికి ఆకలి మీదుంటాం, కాస్త పెందలాడే వండెయ్యవే” అన్నాడు మా తాతయ్య. అంతే.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాం. సినిమాలో ఆ ఇంటివాళ్ళంతా ఆడా మగా ఒకే వరుసలో కూర్చుని తింటారు. అది తాతయ్యకు తెగ నచ్చింది. “ఇవాళ మనమూ అంతే. ఆడవాళ్ళు వెనక తినడాలేం లేవు. అందరం ఒకటే పంక్తి!” అన్నాడు. అమ్మా పిన్నులూ సిగ్గుపడుతూనే వచ్చి కూర్చున్నారు.

అత్త అన్నం గుండిగా, వంకాయ పులుసూ తెచ్చి మధ్యలో పెట్టింది. చేతులు కడుక్కుంది. ఇంకో ఆకు తెచ్చి, చివరనున్న నా పక్కన వేసుకుని కూర్చుంది.

“ఏంటక్కా, వడ్డించవా?” అన్నాడు చిన్నాన్న.

“నాన్న అందరం అన్నారుగా. నాకూ ఆకలేస్తోందిరా.”

పంక్తంతా పకపకా నవ్వింది. “సినిమా చూడకుండానే వదినగారు వేషాలు నేర్చేసుకున్నారండోయ్” అంది పిన్ని. అత్తా నవ్వింది. కానీ లేవలేదు.

నెమ్మదిగా నవ్వులు ఆగాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ లేవబోయి, నాన్న వంక చూసి ఆగిపోయింది. గుండిగ మీద ఆవిరి పలచబడుతోంది. ఇరవై రెండుమందిలో ఒక్కరు లేచి గరిట పట్టుకుంటే చాలు, ఆ పూట అత్త అందరితోపాటు తింటుంది. ఒక్కరూ లేవలేదు.

చివరికి తాతయ్యే విసుక్కున్నాడు. “చాల్లేవే. పిల్లలు ఆకలితో ఉన్నారు.”

అత్త మెతుకు పడని తన ఆకును మడిచి పక్కన పెట్టింది. లేచి మొదటి ఆకు నుంచి వడ్డించుకుంటూ వచ్చింది. నా దగ్గరికి వచ్చాక, “వేడి తగ్గిపోయింది నాన్నా, కాస్త పులుసెక్కువ పోసుకుని కలుపుకో” అంది. నేను కలుపుకుని తిన్నాను.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ సినిమా ఆమె చూడనేలేదు. ఇప్పుడు ఎవరింట భోజనానికి కూర్చున్నా, వడ్డించే మనిషి కూడా కూర్చునేదాకా నేను ముద్ద ముట్టను. “పెద్దవారు, మొదలెట్టండి బాబాయిగారూ, చల్లారిపోతుంది” అంటారు. చల్లారనీ అంటాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. అప్పటికి నాకు పదేళ్ళు. గరిట ఎత్తగలను, గుండిగ దాకా నడవగలను. నన్ను లేవొద్దని ఎవరూ అనలేదు.