నాన్న పాట పాడిన వారం

మా నాన్న తిరువూరులో లెక్కల మాస్టారు. ఇంట్లో కూడా లెక్కల మాస్టారే. ఆయన వీధి మలుపు తిరిగాడంటే అరుగుల మీద పిల్లలమంతా పుస్తకాలు తెరిచేవాళ్లం, తలకిందులుగా ఉన్నా సరే.

డెబ్బైల్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, పత్తి తీతల రోజుల్లో ఆయనకు ఉబ్బసం ముదిరింది. విజయవాడ డాక్టరుగారు చిన్న తెల్లమాత్రలు రాసి, మూడు వారాల్లో తగ్గించుకుంటూ మానెయ్యమన్నారు.

మూడో రోజుకు ఆయాసం పోయింది. నాలుగో రోజు పొద్దున స్నానాలగదిలోంచి పాట వినిపించింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, "లోపలెవరే?" అని నన్నడిగింది.

ఆ పూట నాన్న ఏడు ఇడ్లీలు తిని, చట్నీ బాగుందన్నాడు. అమ్మకు భయం వేసింది. తర్వాత ఆయన నేరుగా పక్కింటికి వెళ్లాడు. మునగకొమ్మ మా గోడ దాటిందని ఆ ఇంటాయనతో రెండేళ్లుగా మాటల్లేవు.

"చెట్టన్నాక కొమ్మలుండవేంటండీ! రేపట్నుంచి రోజూ కాఫీకి మా ఇంటికే రండి," అన్నాడు భుజం మీద చెయ్యేసి.

పక్కింటాయన మర్నాడే మునక్కాడల కట్టతో దిగాడు. ఆదివారం రెండు కుటుంబాలూ కలిసి నెమలి అనే ఊళ్లో గుడికి బయల్దేరాం. బస్సులో ఏడుస్తున్న పసివాడికి నాన్న కోతిలా మొహం పెట్టి చూపించాడు. వాడు ఊరుకున్నాడు గానీ, వెనక సీట్లో ఉన్న ఆయన శిష్యులిద్దరూ బెదిరిపోయి తర్వాతి స్టాపులోనే దిగిపోయారు.

ఏళ్ల తర్వాత నర్సు ట్రైనింగులో తెలిసింది, అలాంటి మందు ఊపిరితిత్తులతో ఆగదని, మెదడుకూ వెళ్లి కొందరిలో ఎక్కడలేని హుషారు పుట్టిస్తుందని, కొందరిని చిరాకుపెడుతుందని. అప్పుడు మాకేం తెలుసు? దేవుడే మనసు మార్చాడనుకున్నాం.

మాత్రలు తగ్గేకొద్దీ పాటలూ తగ్గాయి. పూర్తిగా ఆపేసిన రెండో రోజు, పక్కింటాయన కుర్చీ లాక్కుని కూర్చోగానే నాన్న వంటింట్లోకి వచ్చాడు.

"ఆయనెందుకొచ్చాడు?"

"మీరే కదండీ రోజూ రమ్మంది!"

"నేనా?"

మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే, ఊపిరి శుభ్రంగా ఉందన్నారు డాక్టరుగారు. నాన్న చొక్కా తొడుక్కోవడానికి తెర వెనక్కి వెళ్లగానే అమ్మ గొంతు తగ్గించింది.

"ఆ మాత్రలు ఇంకో నెల వెయ్యకూడదాండీ?"

"ఉబ్బసం తగ్గిపోయిందిగా అమ్మా."

"ఉబ్బసానిక్కాదండీ."

ఆయన నవ్వి, ఎక్కువ రోజులు వాడితే మొహం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి అని చెప్పి పంపేశారు.

పక్కింటాయనను రావద్దనడానికి నాన్నకు నోరు రాలేదు. పేపరు అడ్డం పెట్టుకుని "ఊ" కొట్టేవాడు. మాట్లాడేవాడికి ఆ "ఊ" చాలు. అలా నెలలు గడిచాయి. ఎండాకాలంలో పక్కింటాయన పెనుగొలనులో కూతురింటికి వెళ్లాడు. మూడో రోజు నాన్న పేపరు దించాడు.

"పక్కింటాయన ఎప్పుడొస్తాడంట?"

"పది రోజులుంటాడంట," అంది అమ్మ.

"కూతురింట్లో అన్ని రోజులు ఏం పనంట?" అని విసుక్కుని, కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు.